91 ప్రధాన సంఖ్యేనా? భాజనీయతా సూత్రాల వెనక కారణం పిల్లలకు ఎలా చెప్పాలి?

ఆరోతరగతి_అమ్మ (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఆరో తరగతి. భాజనీయతా సూత్రాలన్నీ (ఒక సంఖ్య ఇంకోదానితో మిగలకుండా పోతుందో లేదో భాగించకుండానే చెప్పేవి) గడగడా అప్పజెబుతుంది. 3కి అంకెల మొత్తం, 4కి చివరి రెండంకెలు, 11కి బేసి స్థానాల మొత్తానికీ సరి స్థానాల మొత్తానికీ తేడా, అన్నీ నోటికి వచ్చు. అయినా మొన్న స్లిప్ టెస్టులో 91 ప్రధాన సంఖ్య అని రాసింది. "2తో పోదు, 3తో పోదు, 5తో పోదు, మరి ప్రధాన సంఖ్యే కదమ్మా" అంటోంది. ఒక మార్కు పోయిందని కాదు నా బాధ. ఇన్ని సూత్రాలు వచ్చి కూడా అవి ఎందుకు పనిచేస్తాయో పిల్లకు తెలియడం లేదు.

తను అడిగిన ప్రశ్నలు ఇవి. 3కి అంకెలు కూడితే ఎందుకు సరిపోతుంది? 7కి అలా ఎందుకు కుదరదు? 1ని ప్రధాన సంఖ్యల్లో ఎందుకు కలపరు? ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చాలంటే ఎంతవరకు భాగించి చూడాలి?

నాది ఆర్ట్స్ చదువు. ఆరో తరగతి పిల్లకు తెలిసేలా ఎవరైనా చెప్తారా?

సుద్దముక్క (లెక్కల టీచర్, జిల్లా పరిషత్ హైస్కూల్)

మేడం, పాప అడగాల్సినవే అడిగింది. ముందు 91 సంగతి చూద్దాం.

100 లోపు సంఖ్యల్లో 2, 3, 5 గుణిజాలన్నీ కొట్టేయండి. 1ని పక్కన పెడితే, ప్రధాన సంఖ్యలు కాకపోయినా ఇంకా మిగిలేవి మూడే: 49, 77, 91. ఏడేళ్లు నలభై తొమ్మిది అని ఎక్కంలోనే ఉంది. 77ని చూడగానే తెలుస్తుంది. 91 మాత్రం 7 × 13. మనం నేర్పే ఎక్కం ఏడు పదులు డెబ్బై దగ్గర ఆగిపోతుంది కాబట్టి అది పిల్లల కంట పడదు. మా క్లాసులో కూడా ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 51, 57, 87 కూడా ప్రధాన సంఖ్యల్లాగే కనిపిస్తాయి, కానీ అంకెలు కూడగానే 6, 12, 15 వచ్చి దొరికిపోతాయి.

ఇక 3 సంగతి. పాప చేతికి 471 రూపాయలు ఇచ్చి ముగ్గురికి సమానంగా పంచమనండి. వంద నోట్లు 4, పది నోట్లు 7, రూపాయి బిళ్ల 1. ఒక వందను ముగ్గురికి పంచితే తలా 33 వచ్చి ఒక రూపాయి మిగులుతుంది. ఒక పదిని పంచితే తలా 3 వచ్చి ఒక రూపాయి మిగులుతుంది. అంటే వందల దగ్గర మిగిలింది 4 రూపాయలు, పదుల దగ్గర మిగిలింది 7, విడిగా ఉన్నది 1. మొత్తం 12. అవీ ముగ్గురికి సరిపోతాయి, కాబట్టి 471 కూడా సరిపోతుంది. ఆ 4, 7, 1 ఆ సంఖ్యలోని అంకెలే! అందుకే అంకెలు కూడమంటారు. 10, 100, 1000 దేన్ని 3తో భాగించినా శేషం 1. సూత్రం మొత్తం ఆ ఒక్క విషయం మీదే నిలబడింది. 9తో భాగించినా శేషం 1 కాబట్టి 9కీ అదే సూత్రం.

4కి చివరి రెండంకెలే ఎందుకు? 100ని 4తో భాగిస్తే శేషం 0. వందలు, వేలు ఎన్ని ఉన్నా అవి మిగలకుండా పోతాయి, చూడాల్సింది చివరి రెండంకెలే. 8కి 1000 అలా పోతుంది కాబట్టి చివరి మూడంకెలు. 2కి, 5కి పదే పోతుంది కాబట్టి చివరి అంకె ఒక్కటి చాలు.

11కి పది అంటే ఒకటి తక్కువ పదకొండు. వంద అంటే 99 మీద ఒకటి ఎక్కువ. వెయ్యి అంటే 1001కి ఒకటి తక్కువ. తక్కువ, ఎక్కువ, తక్కువ, ఎక్కువ అని మారుతూ పోతుంది. ఒక స్థానాన్ని కలిపి, పక్క స్థానాన్ని తీసేయడం అందుకే.

పిల్లలకు ఆరు సూత్రాలు చెప్పక్కర్లేదు. "పదిని దీంతో భాగిస్తే ఎంత మిగులుతుంది, వందను భాగిస్తే ఎంత మిగులుతుంది" అన్న ఒక్క ప్రశ్న నేర్పితే సూత్రాలు వాళ్లే రాసుకుంటారు. నేను దీన్నే పట్టుకుని చెప్తాను.

ఆరోతరగతి_అమ్మ

సార్, నోట్లు పెట్టి చేయించాను. 471 అయ్యాక తనే 472 పెట్టుకుని "అమ్మా, ఒక రూపాయి మిగిలింది, అంకెల మొత్తం 13లో కూడా ఒకటే మిగిలింది" అంది. మరి 7కి ఈ పద్ధతి ఎందుకు రాదు?

సుద్దముక్క

వస్తుంది మేడం. గుర్తుపెట్టుకోవడమే కష్టం. పదిని 7తో భాగిస్తే శేషం 3. వందకు 2 (98 పోగా). వెయ్యికి 6 (994 పోగా). అంటే 7కి అంకెలను ఉత్తగా కూడకూడదు. పదుల అంకెను 3తో, వందల అంకెను 2తో, వేల అంకెను 6తో గుణించి కూడాలి. 91కి చూడండి: 9 × 3 + 1 = 28, అది 7తో పోతుంది. 3కి ఈ గుణకాలన్నీ ఒకటే కావడం మన అదృష్టం. 7కి స్థానం మారినప్పుడల్లా మారతాయి. పుస్తకాల్లో దీన్ని వదిలేయడానికి కారణం అదే అయి ఉంటుంది.

గ్రూప్స్_ప్రిపరేషన్

సార్, మీరు చెప్పింది బాగుంది. కానీ పోటీ పరీక్షలో ప్రశ్నకు నిమిషం కూడా ఉండదు. అక్కడ కారణం ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు, షార్ట్‌కట్ వస్తే చాలు. 7కి షార్ట్‌కట్ ఇది: చివరి అంకెను రెట్టింపు చేసి, మిగతా సంఖ్యలోంచి తీసేయాలి. 343 అయితే 34లోంచి 6 తీస్తే 28. 7తో పోతుంది. 91 అయితే 9లోంచి 2 తీస్తే 7. అయిపోయింది.

13కి చివరి అంకెను 4తో గుణించి కలపాలి. 17కి 5తో గుణించి తీసేయాలి. 19కి రెట్టింపు చేసి కలపాలి. ఈ నాలుగూ బట్టీ పడితే 400 లోపు ఏ సంఖ్య ప్రధానమో చెప్పేయొచ్చు.

ఎనిమిది_బి

అన్నా, నేను ఎనిమిదో తరగతి. ఒక డౌటు. 50కి మీ పద్ధతి పెడితే 5లోంచి 0 తీస్తే 5. కానీ 50ని 7తో భాగిస్తే శేషం 1 కదా, 5 ఎందుకు వచ్చింది?

సుద్దముక్క

బాగా పట్టావు నాన్నా. ఈ షార్ట్‌కట్ "పోతుందా, పోదా" అన్నంతవరకే చెప్తుంది. శేషం ఎంతో చెప్పదు. 3, 9, 11 సూత్రాలు శేషం కూడా చెప్తాయి.

ఎందుకంటే, చివరి అంకెను రెట్టింపు చేసి తీసేశాక వచ్చినదాన్ని పదితో గుణించి చూడు. అసలు సంఖ్యకూ దానికీ తేడా ఎప్పుడూ చివరి అంకెకు 21 రెట్లు ఉంటుంది. 343కి 28 వచ్చింది. 280కి 343కి తేడా 63, అంటే 21 × 3. 21 ఎలాగూ 7తో పోతుంది. కాబట్టి ఒకటి పోతే రెండోదీ పోతుంది. కానీ మధ్యలో పదితో గుణించడం ఉంది కనుక శేషం మారిపోతుంది.

గ్రూప్స్ తమ్ముడు చెప్పిన మిగతావీ ఇలాగే పుట్టాయి. 13కి 39, 17కి 51, 19కి ఆ పందొమ్మిదే. గుణిజాన్ని 1తోనో 9తోనో ముగిసేలా చూసుకోవడమే కిటుకు. ఇది తెలిసినవాడు పరీక్ష హాల్లో మర్చిపోయినా మళ్లీ తయారు చేసుకోగలడు. నువ్వు 23కి సూత్రం రాయి చూద్దాం.

ఎనిమిది_బి

23 × 3 = 69. అంటే చివరి అంకెను 7తో గుణించి కలపాలి. 161కి 16 + 7 = 23. వచ్చింది సార్! 161 = 7 × 23.

ఇంకోటి. 6కి 2, 3 రెండూ చూడమంటారు కదా, 24కి 4, 6 చూస్తే చాలా?

గ్రూప్స్_ప్రిపరేషన్

చాలదు. ఎగ్జామ్‌లో ఇదే ట్రాప్ పెడతారు. 12ని తీసుకో, 4తో పోతుంది, 6తో పోతుంది, 24తో పోదు. 36 కూడా అంతే. 24కి 3, 8 చూడాలి.

సుద్దముక్క

కారణం నేను కలుపుతాను. 4లోనూ 6లోనూ 2 అనే కారణాంకం ఉమ్మడిగా ఉంది. ఆ ఒక్క 2నే రెండుసార్లు లెక్క పెట్టుకున్నట్టు అవుతుంది. 3కి, 8కి మధ్య 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. అలాంటి జతను పరస్పర ప్రధాన సంఖ్యలు అంటాం. జత అలా ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. 12కి 3, 4 తీసుకోవచ్చు, 2, 6 తీసుకోకూడదు. 36కి 4, 9 తీసుకోవాలి.

ఆరో తరగతి పాపకు కూడా ఒక లెక్క ఇస్తున్నా: 4☐8☐ అనే నాలుగంకెల సంఖ్య 36తో నిశ్శేషంగా పోవాలంటే ఖాళీల్లో ఏ అంకెలు రావాలి? జవాబు ఒకటే అనుకోవద్దు.

తెనాలి_తాతయ్య (రిటైర్డ్ లెక్కల మాస్టారు)

అమ్మాయీ, 1 గురించి అడిగావు కదా, అది నేను చెప్తాను.

పాప చేత చింతగింజలు దీర్ఘచతురస్రంగా పేర్పించు. 12 గింజలైతే 1 × 12, 2 × 6, 3 × 4 అని రకరకాలుగా పేర్చొచ్చు. 7 గింజలైతే ఒకే వరస, వేరే దారి లేదు. 7కి కారణాంకాలు సరిగ్గా రెండు: 1, 7. ప్రధాన సంఖ్యకు నిర్వచనం అదే, సరిగ్గా రెండు కారణాంకాలు. 1కి ఉన్నది ఒక్కటే కారణాంకం. అందుకే అది ప్రధానమూ కాదు, సంయుక్తమూ (రెండు కంటే ఎక్కువ కారణాంకాలు ఉన్నదీ) కాదు.

ఈ నిర్వచనం ఎవరో మొండిగా పెట్టింది కాదమ్మా. 60ని ప్రధాన కారణాంకాలుగా విడగొడితే 2 × 2 × 3 × 5. ఎవరు విడగొట్టినా, ఏ వైపు నుంచి మొదలుపెట్టినా, ఇవే వస్తాయి. 1ని కూడా ప్రధానం అన్నామంటే 1 × 2 × 2 × 3 × 5 ఒక జవాబు, 1 × 1 × 2 × 2 × 3 × 5 ఇంకో జవాబు, అలా అంతు ఉండదు. ఒకే జవాబు రావడం గణితంలో చాలా విలువైన విషయం. దాన్ని కాపాడుకోవడానికే 1ని బయట ఉంచారు. పూర్వం అందరూ అలా అనుకోలేదు. 1742లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త, మరో గణితవేత్త ఆయిలర్‌కు రాసిన ప్రసిద్ధమైన ఉత్తరంలో 1ని ప్రధాన సంఖ్యగానే లెక్కించాడు.

మన తెలుగువాళ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ మహావీరాచార్యుడికి, పూలదండలాగా ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాలంటే ఇష్టం. ఆయన ఇచ్చిన వాటిలో ఒకటి: 142857143 × 7 = 1000000001. ఈ జవాబుకు 11 సూత్రం పెట్టి చూడండి. రెండు చివరలా ఉన్న ఒకట్లు ఒకటి బేసి స్థానంలో, ఒకటి సరి స్థానంలో పడతాయి. తేడా 0. అంటే 11తో కూడా పోతుంది. 13తోనూ పోతుంది. 7 × 11 × 13 = 1001 అని తెలిస్తే ఇది ఆశ్చర్యం అనిపించదు. ఏ మూడంకెల సంఖ్యనైనా పక్కపక్కనే రెండుసార్లు రాయమనండి, 358358 లాగా. అది 1001కి గుణిజం. 7, 11, 13 మూడింటితోనూ పోయి తీరుతుంది. పిల్లలకు ఇది చేసి చూపిస్తే లెక్కల పీరియడ్ అయిపోయినా లేవరు.

ఆరోతరగతి_అమ్మ

మాస్టారూ, ధన్యవాదాలు. చింతగింజలతో 1 సంగతి వెంటనే అర్థమైంది. 358358 ఆట అయితే ఇంటిల్లిపాదితో ఆడించింది. ఎంతవరకు భాగించి చూడాలన్నది ఒక్కటే మిగిలింది. 97కి 2 నుంచి 96 వరకు అన్నింటితో చూడాలా అని అడుగుతోంది.

సుద్దముక్క

2, 3, 5, 7 నాలుగింటితో చూస్తే చాలు. కారణాంకాలు ఎప్పుడూ జతలుగా వస్తాయి. 97కి కారణాంకాల జత ఒకటి ఉందనుకుందాం. రెండూ 10 కంటే పెద్దవైతే లబ్ధం కనీసం 11 × 11 = 121 అవుతుంది, 97 దాటిపోతుంది. కాబట్టి జతలో ఒకటైనా 10 లోపు ఉండాలి. 10 లోపు ప్రధాన సంఖ్యలు నాలుగే. వాటిలో దేనితోనూ పోకపోతే 97 ప్రధానమే. 4తో, 6తో చూడక్కర్లేదు. 2తో పోనిది 4తో ఎలా పోతుంది?

ఎరటోస్తనీస్ జల్లెడలో (సంఖ్యలన్నీ వరసగా రాసి, గుణిజాలను కొట్టేస్తూ ప్రధాన సంఖ్యలను మిగిల్చే పద్ధతి) 100 వరకు రాసి 7 గుణిజాల దగ్గర ఆపేయడం అందుకే. మిగిలేవి 25. ఈసారి పాపతో జల్లెడ వరసకు పది కాకుండా ఆరు సంఖ్యలు చొప్పున రాయించండి. 2, 3 తప్ప ప్రధాన సంఖ్యలన్నీ ఒకటో నిలువు వరసలోనో ఐదో నిలువు వరసలోనో పడతాయి. ఎందుకో తననే చెప్పమనండి. రెండు, నాలుగు, ఆరు వరసల్లో అన్నీ సరి సంఖ్యలు, మూడో వరసలో అన్నీ 3 గుణిజాలు. అంతే.

పెద్ద పిల్లలకైతే సంవత్సరాలు ఇవ్వండి. 2021 = 43 × 47. 2023 = 7 × 17 × 17. 2027 మాత్రం ప్రధాన సంఖ్య. 45 × 45 = 2025, 46 × 46 = 2116 కాబట్టి 43 వరకు ఉన్న ప్రధానాలతో చూస్తే చాలు.

ఇల్లినాయ్_తెలుగు

మా పిల్లలకు ప్రధాన సంఖ్యలు పెరట్లోనే కనిపించాయి. ఇక్కడ సికాడా అనే కీటకాలు కొన్ని 13 ఏళ్లకోసారి, కొన్ని 17 ఏళ్లకోసారి నేలలోంచి బయటికి వస్తాయి. 2024లో ఒక 13 ఏళ్ల గుంపు, ఒక 17 ఏళ్ల గుంపు ఒకే ఏడాది వచ్చాయి. ఆ రెండు గుంపులూ అంతకుముందు కలిసి వచ్చింది 1803లో. 13, 17ల క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే రెండింటితోనూ పోయే అతి చిన్న సంఖ్య) 221. మావాడు క.సా.గు ఎందుకు నేర్చుకోవాలని అడగడం ఆ ఏడాదితో మానేశాడు.

ఆ ఏళ్లు ప్రధాన సంఖ్యలే ఎందుకయ్యాయన్న దానిపై శాస్త్రవేత్తల్లో ఇంకా చర్చ ఉంది. ఒక వాదన ఏమిటంటే, 12 ఏళ్లకోసారి వస్తే 2, 3, 4, 6 ఏళ్ల చక్రం ఉన్న శత్రువులన్నీ ప్రతిసారీ ఎదురవుతాయి, 13 అయితే అలా కుదరదు.

తెనాలి_తాతయ్య

బాగుంది నాయనా. మన సంవత్సరాలు దీనికి సరిగ్గా ఎదురు. ప్రభవ నుంచి అక్షయ వరకు 60. గురుడు సుమారు 12 ఏళ్లకు, శని సుమారు 30 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతాయి. 12, 30ల క.సా.గు 60. కలుసుకోవాలంటే కారణాంకాలు ఎక్కువ ఉండాలి, తప్పించుకోవాలంటే ప్రధాన సంఖ్య కావాలి.

మాదాపూర్_కోడర్

ఇంట్లో 2007కి ముందు అచ్చయిన పుస్తకం ఉంటే వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూడండి. అప్పట్లో పది అంకెలు ఉండేవి. ఎడమ నుంచి వాటిని 10, 9, 8 అలా 1 వరకు గుణించి కూడితే మొత్తం 11తో నిశ్శేషంగా పోవాలి. చివర ఎక్స్ అని ఉంటే దాని విలువ 10. ఎవరైనా ఒక అంకె తప్పు రాస్తే మొత్తం 11తో పోదు, కంప్యూటర్ పట్టేస్తుంది.

10 బదులు 11 ఎందుకు పెట్టారో చూడండి. 10 పెట్టి ఉంటే, 5తో గుణించే స్థానంలో 4 బదులు 6 రాసినప్పుడు తేడా 2 × 5 = 10 వస్తుంది, అది 10తో పోయి తప్పు దాక్కుంటుంది. 11 ప్రధాన సంఖ్య. దానికంటే చిన్న సంఖ్యలు రెండింటిని గుణించి 11 గుణిజాన్ని ఎప్పటికీ తేలేం. కాబట్టి ఒక్క అంకె తప్పు ఎక్కడా దాక్కోలేదు. మా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి.

ఒక సంఖ్య ప్రధానమో కాదో వేగంగా, కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుక్కున్నారని కూడా పిల్లలకు చెప్పండి. సంఖ్యల అంకెలు పెరిగినా ఆ పద్ధతికి పట్టే సమయం చేయి దాటిపోదు.

ఎనిమిది_బి

సార్, 4☐8☐ చేశాను. 36 = 4 × 9. చివర 80, 84, 88 రావచ్చు. 9కి అంకెల మొత్తం సరిపోవాలంటే 4680, 4284, 4788. మూడు జవాబులు.

ఒక ప్రశ్న. ప్రధాన సంఖ్యలు ఎక్కడో ఒకచోట అయిపోతాయా? 2 × 3 × 5 × 7 × 11 × 13 చేసి 1 కలిపితే 30031. అది దేనితోనూ పోదు కదా, కాబట్టి ప్రధానమేనా?

సుద్దముక్క

మూడు జవాబులూ సరైనవే. 30031 మాత్రం ప్రధానం కాదు, 59 × 509. నువ్వు గుణించిన ఆరింటితోనూ శేషం 1 వస్తుంది, అది నిజం. అంటే దాని ప్రధాన కారణాంకాలు ఆ ఆరింటి బయట ఉన్నాయని అర్థం. యూక్లిడ్ చెప్పింది ఇదే: నీ దగ్గర ఎన్ని ప్రధాన సంఖ్యల జాబితా ఉన్నా, అందులో లేనిది ఒకటి దొరుకుతూనే ఉంటుంది. అందుకే అవి అయిపోవు. 2024 అక్టోబరులో బయటపడిన ప్రధాన సంఖ్యలో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. 2ను 13,62,79,841 సార్లు గుణించి 1 తీసేస్తే వచ్చే సంఖ్య అది.

ఇప్పుడు నీకో లెక్క. 11, 13 లాగా రెండు తేడాతో వచ్చే జతలను కవల ప్రధానాలు అంటాం. 5, 7 దగ్గర నుంచి ఏ జత తీసుకున్నా మధ్య సంఖ్య 6తో పోతుంది. 17, 19 మధ్య 18. 29, 31 మధ్య 30. ఎందుకు?

గ్రూప్స్_ప్రిపరేషన్

నేను చెప్పొచ్చా సార్? మూడు వరస సంఖ్యల్లో ఒకటి తప్పకుండా 3 గుణిజం. రెండు చివరలూ 3 కంటే పెద్ద ప్రధానాలు, అవి కాలేవు. కాబట్టి మధ్యదే 3 గుణిజం. రెండు బేసి సంఖ్యల మధ్య ఉంది కాబట్టి సరి సంఖ్య కూడా. 2, 3 పరస్పర ప్రధానాలు, కనుక 6తో పోతుంది. అయినా ఎగ్జామ్‌కు షార్ట్‌కట్లు కావాలన్న మాట మీదే ఉన్నాను.

ఎనిమిది_బి

3, 5, 7 మూడూ వరసగా రెండేసి తేడాతో ఉన్నాయి. అలాంటి మూడు ఇంకెక్కడైనా ఉన్నాయా?

ఆరోతరగతి_అమ్మ

ఇది మా అమ్మాయి చెప్పమంటే టైప్ చేస్తున్నాను: "లేవు అన్నా. రెండేసి తేడాతో మూడు సంఖ్యలు రాస్తే 3తో శేషాలు 0, 1, 2 మూడూ వస్తాయి, ఏదో ఒక క్రమంలో. శేషం 0 వచ్చింది 3 గుణిజం. అది ప్రధానం కావాలంటే 3 ఒక్కటే కావాలి. 3 కంటే రెండు తక్కువ 1, అది ప్రధానం కాదు. కాబట్టి 3తోనే మొదలుకావాలి. 3, 5, 7 ఒక్కటే."